అందీ అందని చేయి

గడప అంటే మనకి భయమూ, భక్తీ రెండూను. పసుపు రాసి బొట్లు పెడతాం. గడప మీద కూర్చోకూడదంటాం. అటొకరు ఇటొకరు నిలబడి ఏదీ ఇచ్చి పుచ్చుకోకూడదంటాం. కొత్తకోడలు కుడికాలు లోపలికి పెట్టేదీ, ఆడపిల్ల అత్తారింటికి వెళుతూ వెనక్కి తిరిగి చూసేదీ, పోయినవాళ్లని బయటికి తీసుకెళ్లేదీ అక్కడి నుంచే. దాన్ని లోపల అని చెప్పలేం, బయట అనీ చెప్పలేం. మనిషి జీవితం ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారిపోయే ఆ జానెడు జాగా మాత్రం అదే.

సరిగ్గా ఆ జానెడు జాగాని కంచులో పోతపోసి నిలబెట్టిన ఒక ఆడమనిషి కథ ఇది. పేరు కమీల్ క్లోడెల్. ఫ్రాన్సు దేశపు శిల్పి. 1864లో పుట్టి 1943లో కన్నుమూసింది.

ఆమె చేసిన వాటిలోకెల్లా గొప్పదని పేరున్న శిల్పం 'పండిన వయసు'. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఎత్తు 114 సెంటీమీటర్లు, పొడవు 163. అందులో ఉన్నది ముగ్గురు మనుషులు. వయసు మళ్లుతున్న మగవాడు ఒకడు ముందుకి నడుస్తున్నాడు. ఒక ముసలామె అతన్ని పొదివి పట్టుకుని తనతో లాక్కుపోతోంది. వెనకాల ఒక పడుచుపిల్ల మోకాళ్ల మీద వాలి, రెండు చేతులూ చాపి అతన్ని ఆగమని వేడుకుంటోంది. అతని చెయ్యి ఒకటి ఇంకా వెనక్కే ఉంది. ఆ చేతికీ, ఆ పిల్ల వేళ్లకీ మధ్య కాస్త ఖాళీ.

నేను ఆ శిల్పాన్ని ఫోటోల్లోనే చూశాను. చూసిన ప్రతిసారీ నా కళ్లు ఆ ముఖాల మీద కాదు, ఆ ఖాళీ మీదే ఆగిపోతాయి. ఒక్క క్షణం ముందు ఆ చేతులు కలిసే ఉన్నాయి. ఇంకో క్షణం పోతే అతను కనబడడు. ఈ రెంటికీ మధ్య ఉన్న గడప అది. కంచు అంత గట్టి లోహంలో అంత పలచటి క్షణాన్ని ఎలా పట్టుకుంది ఈవిడ, అనిపిస్తుంది.

మట్టితో ఆడిన పిల్ల

1864 డిసెంబర్ 8న ఫేర్-ఆన్-తార్దెన్వా అనే చిన్న ఊళ్లో పుట్టింది కమీల్. తండ్రిది ప్రభుత్వ ఉద్యోగం. తనఖాలూ దస్తావేజులూ చూసే ఆఫీసు. బదిలీలు అయినప్పుడల్లా సంసారం ఊరు మారేది. కమీల్ కంటే ముందు ఒక మగపిల్లవాడు పుట్టి కొద్ది రోజులకే పోయాడట. ఆ తర్వాత పుట్టింది ఆడపిల్ల! తల్లికీ ఈ పిల్లకీ మొదటి నుంచీ దూరమే. తర్వాత చెల్లెలు లూయీజ్, తమ్ముడు పాల్ పుట్టారు. ఈ పాల్ పెద్దయ్యాక ఫ్రెంచి సాహిత్యంలో పేరున్న కవి, నాటకకర్త, దేశదేశాల్లో రాయబారి అయ్యాడు.

చిన్నప్పటి నుంచీ కమీల్‌కి మట్టి పిచ్చి. మట్టి పిసికి తలలూ, మనుషులూ చేసేది. చెల్లెల్ని, తమ్ముణ్ణి, చివరికి పనిమనిషిని కూడా కదలకుండా కూర్చోబెట్టి బొమ్మలు చేసేది. తల్లికి ఈ మట్టి పని బొత్తిగా నచ్చేది కాదు. తండ్రి మాత్రం పిల్లలో ఏదో ఉందని గ్రహించాడు.

1876లో తండ్రికి నోజాన్-సుర్-సేన్ అనే ఊరికి బదిలీ అయింది. కమీల్‌కి అప్పుడు పన్నెండేళ్లు. ఆ ఊరివాడే అయిన ఆల్‌ఫ్రెడ్ బూషే అనే యువ శిల్పి ఆమె చేసిన బొమ్మలు చూశాడు. పిల్లకి శిల్పం నేర్పించమని తండ్రికి చెప్పింది ఆయనే. ఎవరో ఒకరు చూడాలి కదండీ! చూసి, ఇది ఆట కాదని ఒక మాట చెప్పాలి. కమీల్ జీవితంలో తెరుచుకున్న మొదటి తలుపు ఆ మాట.

1881లో తల్లీ పిల్లలూ పారిస్ చేరారు. తండ్రి ఉద్యోగం కోసం వేరే ఊళ్లోనే ఉండిపోయి డబ్బు పంపాడు. పిల్లల చదువు కోసం భర్త ఒక ఊళ్లో, భార్య ఒక ఊళ్లో ఉండే సంసారాలు మనకీ కొత్త కాదు. కానీ అప్పట్లో ఒక ఆడపిల్ల శిల్పవిద్య కోసం అంత పని చేసిన తండ్రి అంటే సామాన్యుడు కాదు.

ఆడపిల్లలకి ప్రవేశం లేని బడి

పారిస్ వెళితే చాలు, పెద్ద కళాశాలలో చేరిపోవచ్చు అనుకుంటాం. చేరడానికి లేదు. ఫ్రాన్సులో శిల్పికి పేరూ, ప్రభుత్వం నుంచి పనులూ రావాలంటే ఎకోల్ దె బోజార్ అనే ప్రభుత్వ కళాశాలలో చదవాలి. అందులో ఆడవాళ్లకి ప్రవేశం లేదు. ఆ తలుపు తెరుచుకుంది 1897లో. అప్పటికి కమీల్‌కి ముప్ఫై రెండేళ్లు వచ్చేశాయి. నేర్చుకోవాల్సిన వయసంతా ఆ తలుపు బయటే గడిచిపోయింది.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్లని చేర్చుకునే కొలరోసి అనే ప్రైవేటు అకాడమీలో చేరింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మరికొందరు అమ్మాయిలతో కలిసి, అద్దె పంచుకుని, ఒక స్టూడియో తీసుకుంది. వాళ్లలో జెస్సీ లిప్స్‌కోంబ్ అనే స్నేహితురాలి పేరు గుర్తుపెట్టుకోండి. బూషే గారు వారానికోసారి వచ్చి పని చూసి, తప్పొప్పులు చెప్పేవాడు. తర్వాత ఆయన ఇటలీ వెళ్లాల్సి వచ్చింది. తన బదులు ఈ అమ్మాయిలకి పాఠం చెప్పమని ఒక స్నేహితుణ్ణి అడిగి వెళ్లాడు. ఆ స్నేహితుడే ఆగస్త్ రోడిన్.

నరక ద్వారం దగ్గర

రోడిన్‌కి అప్పటికి నలభై దాటాయి. కమీల్ కంటే ఇరవై నాలుగేళ్లు పెద్ద. రోజ్ బ్యూరే అనే ఆవిడతో, పెళ్లి చేసుకోకుండానే, ఎన్నో ఏళ్లుగా కాపురం చేస్తున్నాడు. ఒక కొడుకు కూడా. విచిత్రం చూడండి, రోడిన్‌కి రోజ్ పరిచయమైంది 1864లో. అంటే కమీల్ పుట్టిన ఏడే!

1880లో ఫ్రెంచి ప్రభుత్వం రోడిన్‌కి ఒక పెద్ద పని అప్పగించింది. పారిస్‌లో కట్టబోయే అలంకార కళల మ్యూజియానికి ఒక కంచు ద్వారం చెయ్యమంది. ఇటలీ కవి డాంటే వర్ణించిన నరకాన్ని ఇతివృత్తంగా తీసుకుని ఆయన మొదలుపెట్టినదే 'నరక ద్వారం'. ఆరు మీటర్ల ఎత్తు. దాని నిండా దొర్లుతూ, పడుతూ, లేస్తూ నూటఎనభైకి పైగా మనుషుల రూపాలు. మనం పుస్తకాల్లో చూసే, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న 'ఆలోచించే మనిషి' ముందు ఈ ద్వారం పైన కూర్చోవడానికి పుట్టినవాడే.

ఆ మ్యూజియం అక్కడ కట్టనే లేదు. అయినా రోడిన్ బతికినంత కాలం ఆ ద్వారాన్ని మారుస్తూనే ఉన్నాడు. దాన్ని కంచులో చూసుకోకుండానే పోయాడు. ఆయన పోయిన దాదాపు పదేళ్లకి గానీ అది కంచులోకి రాలేదు. ఇప్పుడు ప్రపంచంలో కొన్ని చోట్ల నిలబడి ఉంది. ద్వారం అన్న మాటే గానీ, ఆ తలుపులు తెరుచుకోవు!

1884 ప్రాంతంలో కమీల్ ఈ స్టూడియోలో సహాయకురాలిగా అడుగుపెట్టింది. రోడిన్ ఆమెకి అప్పగించిన పనుల్లో ముఖ్యమైనది చేతులూ, పాదాలూ చెయ్యడం. శిల్పంలో అన్నిటికంటే కష్టమైనవి అవే. ముఖం అబద్ధం చెప్పగలదు గానీ చెయ్యి చెప్పలేదంటారు. 'కాలే పౌరులు' అనే రోడిన్ శిల్పసమూహానికి కూడా ఆమె పనిచేసింది. ఆ రోజుల్లో ఆ స్టూడియోలో తయారైన వాటిల్లో ఏది ఎవరి వేలిముద్ర అన్నది పండితులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. సంతకం మాత్రం ఒక్కరిదే.

గురుశిష్యుల బంధం ప్రేమ అయింది. 1886 అక్టోబర్‌లో రోడిన్ ఆమెకి ఒక కాగితం రాసిచ్చాడు. ఇక మీదట వేరే శిష్యురాళ్లని తీసుకోననీ, ఇటలీ తీసుకువెళతాననీ, ఆ తర్వాత పెళ్లి చేసుకుంటాననీ అందులో హామీ ఇచ్చాడు. ఆ పెళ్లి జరగలేదు. రోజ్‌ని వదిలి ఆయన రాలేదు.

మన శకుంతల అక్కడ

సరిగ్గా ఆ ఏళ్లలోనే కమీల్ చేసిన శిల్పం ఏమిటో తెలుసా? 'శకుంతల'! అవును, మన కాళిదాసు శకుంతలే. దూర్వాసుడి శాపం వల్ల దుష్యంతుడు మరిచిపోవడం, ఉంగరం దొరికాక గుర్తుకి రావడం మనకి తెలిసిన కథే కదా. కమీల్ ఎంచుకున్నది చివరి ఘట్టం. తప్పు తెలుసుకున్న దుష్యంతుడు మోకాళ్ల మీద ఉన్నాడు. శకుంతల అతని మీదికి వాలిపోతోంది. క్షమించిందా? ఇంకా లేదా? ఆ రెంటికీ మధ్య క్షణం అది. మళ్లీ గడపే!

1888లో పారిస్ సెలూన్ అనే పెద్ద ప్రదర్శనలో ఈ శిల్పానికి ప్రత్యేక ప్రశంస దక్కింది. రోడిన్ ముద్దుల జంటల్లో మగవాడిది పైచెయ్యి. కమీల్ శిల్పంలో మగవాడు కిందా, ఆడది పైనా ఉన్నారు. అతను అడుగుతున్నాడు, ఇవ్వాలో వద్దో ఆమె నిర్ణయించుకుంటోంది. శకుంతలకి ఉంగరం దొరికింది. కమీల్ దగ్గర ఉన్న కాగితం మాత్రం ఎవరికీ ఏదీ గుర్తు చెయ్యలేకపోయింది.

మట్టి నుంచి కంచు దాకా

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోకపోతే కమీల్ బాధ మనకి సగమే అర్థమవుతుంది. శిల్పి చేత్తో చేసేది మట్టి బొమ్మ. దాన్ని తడిగుడ్డ కప్పి కాపాడుకోవాలి. ఎండితే బీటలు వారుతుంది. అందుకని దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ బొమ్మ పోస్తారు. తెల్లగా బాగానే ఉంటుంది గానీ చెయ్యి జారితే ముక్కలే. నిలబడాలంటే కంచులోకి మారాలి. దానికి ఒక పద్ధతి మైనపు పోత. మైనంతో బొమ్మ తయారుచేసి, చుట్టూ అచ్చు కట్టి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోట్లోకి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన కంచు పోస్తారు. మన ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు చేసేదీ ఈ సూత్రం మీదే. ఫ్రాన్సులో ఇసుక అచ్చుల్లో పోసే పద్ధతీ బాగా వాడుకలో ఉండేది. ఏ పద్ధతైనా ఒకటే మాట. బొమ్మ ఒక ఒంటిలోంచి ఇంకో ఒంటిలోకి గడప దాటాలి.

ఆ దాటడానికి ఫౌండ్రీ కావాలి, పనివాళ్లు కావాలి, అన్నిటికంటే ముందు డబ్బు కావాలి. అంత డబ్బు ఏ శిల్పి చేతిలోనూ ఉండదు. ప్రభుత్వమో, ధనవంతుడో ఆర్డరు ఇస్తేనే కంచు. లేకపోతే ఎంత గొప్ప పనైనా ప్లాస్టర్ దగ్గరే ఆగిపోతుంది. కథలు రాసుకునేదాన్ని కనక నాకిది బాగా తెలుస్తుంది. నోట్‌బుక్కులో ఉన్న కథ వేరు, అచ్చులో ఉన్న కథ వేరు. మొదటిది ఏ అటక మీదైనా చెదలు పట్టొచ్చు. రెండోది ఊరు దాటి వెళుతుంది.

కమీల్ చేసిన 'వాల్ట్జ్' శిల్పం సంగతే చూడండి. ఒక జంట నాట్యం చేస్తూ, తూలి పడిపోతున్నారా, ఎగిరిపోతున్నారా అన్నట్టుంటుంది. దాన్ని పాలరాతిలో చేసే ప్రభుత్వపు ఆర్డరు కోసం అడిగితే, 1892లో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. పనితనాన్ని మెచ్చుకున్నాడు. కానీ ఒంటి మీద బట్టలేని జంటని ఒక ఆడది అంత దగ్గరగా చెక్కడం బాగాలేదన్నాడు. మగశిల్పులు చేసిన నగ్నశిల్పాలతో పారిస్ నిండిపోయి ఉన్న రోజులవి! కమీల్ ఆ అమ్మాయికి నడుము నుంచి కిందకి సుడి తిరిగే కుచ్చెళ్లు తొడిగింది. ఆ బట్టతో శిల్పానికి ఇంకా అందం వచ్చింది. పాలరాతి ఆర్డరు మాత్రం రానే లేదు. ఆ శిల్పం తర్వాత చిన్న సైజులో కంచులోకి వెళ్లింది. ఇప్పుడు ఆమె పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే.

1890ల మొదట్లో ఆమె రోడిన్ నుంచి విడిపోయింది. సొంతంగా స్టూడియో, సొంతంగా అప్పులు, అన్నీ సొంతమే. ఆ రోజుల్లోనే 'కబుర్లాడే ఆడవాళ్లు' చేసింది. గోడ మూలన నలుగురు ఆడవాళ్లు దగ్గరగా చేరి కూర్చున్నారు. ఒకామె ఏదో గుట్టు చెబుతోంది, మిగతా ముగ్గురూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. అంతే! చెరువు గట్టున, మెట్ల మీద, వీధి అరుగు మీద మనం రోజూ చూసే దృశ్యం. యోధులూ దేవతలూ లేరు. రోడిన్ నీడ ఇసుమంతైనా లేని, అచ్చంగా తన కళ్లతో చూసిన శిల్పం. ఒక పెద్ద కెరటం లేచి మీద పడబోతుంటే దాని కింద చేతులు పట్టుకుని నిలబడ్డ ముగ్గురు చిన్న ఆడవాళ్లని చేసింది మరొకదానిలో. ఆ కెరటం ఇంకా పడలేదు. పడే ముందు క్షణమే ఆమెకి కావాలి.

పండిన వయసు

1895లో ప్రభుత్వం 'పండిన వయసు' ప్లాస్టర్ శిల్పానికి ఆర్డరు ఇచ్చింది. మొదట ఆమె చేసిన నమూనాలో ఆ మగవాడి చెయ్యి పడుచుపిల్ల దగ్గరే ఉంది. ఇద్దరు ఆడవాళ్లూ చెరోవైపు లాగుతుంటే మధ్యలో ఉన్నాడు. రెండోసారి చేసేటప్పుడు కమీల్ ఆ చేతుల్ని విడదీసింది. అతను వెళ్లిపోవడం మొదలైంది. ఆమె చేసింది అంత చిన్న మార్పే. కానీ ఆ మార్పుతోనే అది నిలబడిన బొమ్మ కాస్తా నడిచే బొమ్మ అయింది.

1899లో ప్రదర్శనలో పెట్టారు. చూసినవాళ్లు చెవులు కొరుక్కున్నారు. ముసలామె రోజ్ అనీ, మగవాడు రోడిన్ అనీ, మోకాళ్ల మీద ఉన్నది కమీల్ అనీ. తమ్ముడు పాల్ కూడా తర్వాత అక్క జీవితమే అందులో ఉందని రాశాడు. ఉండే ఉంటుంది. అయితే ఆ శిల్పానికి 'జీవన మార్గం' అనీ, 'విధి' అనీ కూడా పేర్లున్నాయి. యవ్వనం, నడివయసు, ముసలితనం... మనిషిని ఒకటి వదలదు, ఇంకొకటి ఆగదు. అద్దంలో మొదటి తెల్లవెంట్రుక చూసుకున్న ఎవరికైనా ఆ శిల్పం తమదే అనిపిస్తుంది. ఒక పెద్ద విషయాన్ని మగవాడు చెక్కితే తత్వం అంటారు, ఆడది చెక్కితే ఆమె సొంత గొడవ అంటారు. ఎందుకో మరి!

ఆ శిల్పాన్ని కంచులో పొయ్యడానికి ప్రభుత్వం ఆర్డరు వేసి, వెంటనే రద్దు చేసింది. దీని వెనక రోడిన్ ఉన్నాడని కమీల్ గట్టిగా నమ్మింది. చరిత్రకారుల్లో కొందరిదీ అదే అనుమానం. ఆ రోడిన్‌ నుంచే ఆమెకి చాటుగా డబ్బు సాయం అందిన సందర్భాలూ ఉన్నాయి. మనుషులు ఒక రంగులో ఉండరు కదా!

అప్పుడు ముందుకొచ్చాడు లూయీ తిసియే అనే సైనికాధికారి. హోదాకి కెప్టెన్. ప్రదర్శనలో ఆ శిల్పం చూసి మనసు పారేసుకున్నాడు. ముందు ఆ మోకాళ్ల మీది పిల్లని మాత్రం విడిగా కంచులో పోయించుకున్నాడు. 1902లో మొత్తం శిల్పాన్నే పోయించాడు. ప్రభుత్వం చెయ్యలేని పని ఒక్క మనిషి చేశాడు. ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉన్నది ఆయన పోయించిన కంచే. 1982లో ఆయన వారసుల దగ్గర నుంచి కొన్నారు. యూజీన్ బ్లో అనే కంచు వ్యాపారి కూడా ఆమె శిల్పాలు కొన్నిటిని చిన్న సైజుల్లో పోయించి, 1905 నుంచి ప్రదర్శనలు పెట్టాడు. పత్రికలు మెచ్చుకున్నాయి. అమ్మకాలు మాత్రం అంతంత మాత్రమే.

సుత్తి దెబ్బలు

1899 నుంచి కమీల్ పారిస్ నది మధ్యలో ఉన్న సెయింట్ లూయీ దీవిలో ఒక ఇంటి కింది వాటాలో ఉండేది. పిల్లులే తోడు. రానురాను మనుషుల్ని దగ్గరకి రానివ్వడం మానేసింది. రోడిన్ మనుషులు తన ఆలోచనలు దొంగిలిస్తున్నారనీ, తనకి విషం పెట్టాలని చూస్తున్నారనీ భయం పట్టుకుంది. కిటికీలు మూసేసుకుని చీకట్లో బతికింది. ఏడాది పొడుగునా చేసిన బొమ్మల్ని తానే సుత్తితో పగలగొట్టేది. అది జబ్బే, కాదనలేం. కానీ ఆ జబ్బు ఏ దారిన వచ్చిందో ఇప్పటి దాకా చెప్పుకున్నాం.

ఒకటి గమనించండి. ఆమె సుత్తికి పగిలినవి మట్టీ, ప్లాస్టరూ. అప్పటికే కంచులోకి దాటి, ఇతరుల ఇళ్లకి చేరిన వాటిని ఆమె కూడా ఏమీ చెయ్యలేకపోయింది. తిసియే ఇంట్లో ఆ పడుచుపిల్ల చేతులు చాపుకునే ఉంది.

బయట గడియ పెట్టిన తలుపు

1913 మార్చి మొదట్లో తండ్రి పోయాడు. ఆమెని ఆదుకున్న ఒకే ఒక్క పెద్దదిక్కు. పెద్దకూతురికి కబురు పెట్టలేదు. వారం రోజులకే, మార్చి 10న, మనుషులు వచ్చి ఆమెని బలవంతంగా ఇంట్లోంచి తీసుకుపోయి పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1838 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం దానికి కావాల్సినవి ఇంట్లోవాళ్ల సంతకం, ఒక డాక్టరు సర్టిఫికెట్టు. రెండూ సిద్ధంగా ఉన్నాయి. ఆమెకి నలభై ఎనిమిదేళ్లు.

మరుసటి ఏడు యుద్ధం రావడంతో దక్షిణాన అవిన్యాన్ దగ్గరున్న మోందెవెర్గ్ ఆసుపత్రికి మార్చారు. ఇక అక్కడి నుంచి ఆమె బయటికి రాలేదు. మొత్తం ముప్ఫై ఏళ్లు! తల్లి కోరిక మీద ఆమె ఉత్తరాల మీద ఆంక్షలు పెట్టారు. ఆమె రాసిన ఉత్తరాలు కొన్ని చేరాల్సినవాళ్లకి చేరకుండా ఆసుపత్రి ఫైళ్లలోనే ఉండిపోయాయి. 1920లో అక్కడి డాక్టరే, ఈమె నెమ్మదించింది, ఇంటికి తీసుకువెళ్లి చూడండి అన్న అర్థంలో తల్లికి రాశాడు. తల్లి ఒప్పుకోలేదు. 1929లో పోయేదాకా ఒక్కసారి కూడా కూతుర్ని చూడడానికి రాలేదు.

తమ్ముడు పాల్ టోక్యోలో, వాషింగ్టన్‌లో ఫ్రాన్సు రాయబారిగా పనిచేశాడు. ముప్ఫై ఏళ్లలో అక్కని చూడడానికి వచ్చింది పన్నెండు సార్లో, అంతకి ఒకటో అరో అటూ ఇటూ. విషం భయంతో ఆమె తన గుడ్డూ, బంగాళాదుంపా తానే ఉడకబెట్టుకునేది. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. చిన్నప్పటి ఊరు విల్‌నవ్‌కి తీసుకుపొమ్మని ఇంటికి రాస్తూనే ఉండేది. మట్టి ముట్టుకోమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఖైదులో ఉండి శిల్పం చెయ్యనన్న పట్టుదలేమో. ముప్ఫై ఏళ్లూ ఆ చేతులు ఊరికే ఉన్నాయి.

జెస్సీని గుర్తుపెట్టుకోమన్నాను కదా. 1929లో ఆ ఇంగ్లండు స్నేహితురాలు భర్తతో కలిసి అంత దూరం వెతుక్కుంటూ వచ్చింది. ఆయన తీసిన ఫోటో ఉంది. ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన కుర్చీల్లో. కమీల్ చేతులు ముడుచుకుని కూర్చుంది. కన్నతల్లి రాని చోటికి కలిసి అద్దె కట్టుకున్న స్నేహితురాలు వచ్చింది!

రోడిన్ సంగతి కూడా చెప్పాలి. 1917 జనవరిలో, డెబ్భై ఆరేళ్ల వయసులో, ఆయన రోజ్‌ని పెళ్లి చేసుకున్నాడు. రెండు వారాలకే ఆమె పోయింది. అదే ఏడు నవంబర్‌లో ఆయనా పోయాడు. తన పేర రాబోయే మ్యూజియంలో కమీల్ శిల్పాలకి ఒక గది ఇవ్వడానికి మాత్రం ముందే ఒప్పుకున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో తిండి కరువై ఫ్రాన్సు పిచ్చాసుపత్రుల్లో వేలకి వేల మంది చనిపోయారు. ఆ రోజుల్లోనే, 1943 అక్టోబర్ 19న, డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో కమీల్ పోయింది. ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఆసుపత్రికి కేటాయించిన శ్మశానంలో పూడ్చారు. తర్వాత ఎముకలు అందరివాటితో కలిపేశారు. విడిగా సమాధి కూడా మిగల్లేదు.

కంచు దాచిపెట్టినది

1951లో పాల్ అక్క శిల్పాల ప్రదర్శన ఒకటి రోడిన్ మ్యూజియంలో పెట్టించాడు. మరుసటి ఏడు తన దగ్గరున్న ఆమె శిల్పాలు ఆ మ్యూజియానికి ఇచ్చాడు. 1984లో పెద్ద ప్రదర్శన, పాల్ మనవరాలు రాసిన జీవితచరిత్ర వచ్చాయి. 1988లో ఇసబెల్ అజానీ నటించిన సినిమాతో ప్రపంచమంతా ఆమె పేరు తెలిసింది. 2017లో నోజాన్-సుర్-సేన్‌లో, చిన్నప్పుడు వాళ్లున్న ఇంటిని కలుపుకుని, ఆమె పేరుతోనే ఒక మ్యూజియం తెరిచారు. బూషే మొదటిసారి ఆమె మట్టి బొమ్మలు చూసిన ఊరు అది!

ఇంకో వింత వినండి. అప్పట్లో అలంకార కళల మ్యూజియం కడదామనుకున్న స్థలంలోనే తర్వాత రైల్వే స్టేషను కట్టారు. ఆ స్టేషనే 1986లో ఓర్సే మ్యూజియం అయింది. రోడిన్ 'నరక ద్వారం' ప్లాస్టర్ అక్కడే ఉంది. కమీల్ 'పండిన వయసు' కంచూ అక్కడే ఉంది. ఎవరి ద్వారానికైతే ఆమె చేతులు అరగదీసుకుందో, దానితో పాటు ఒకే కప్పు కింద, తన పేరుతో నిలబడింది.

మొన్న మొన్న, పారిస్‌లో పదిహేనేళ్లుగా తాళం వేసి ఉన్న ఒక ఫ్లాటు తెరిస్తే, గుడ్డ కప్పిన ఒక కంచు శిల్పం కనబడింది. బ్లో పోయించిన చిన్న సైజు 'పండిన వయసు'! 2025 ఫిబ్రవరిలో వేలం వేస్తే 30 లక్షల యూరోలు దాటింది. బతికుండగా బొగ్గుకీ, రొట్టెకీ వెతుక్కున్న మనిషి పని అది.

కమీల్ కథని విఫలమైన ప్రేమకథగా చెబుతారు చాలామంది. నాకు అలా అనిపించదు. బడి తలుపు, ఫౌండ్రీ తలుపు, ఆసుపత్రి తలుపు... మూడింటి గడియా ఇతరుల చేతుల్లోనే ఉంది. తెరిచినవాళ్లు ఇద్దరు ముగ్గురే. డబ్బు పంపిన తండ్రి, ఇది ఆట కాదని చెప్పిన బూషే, చూసి ఊరుకోకుండా ఫౌండ్రీకి డబ్బు కట్టిన కెప్టెన్. ఆ కాస్త సాయంతోనే ఇంత మిగిలింది. ఇంకో నలుగురు ఉండుంటే!

మన ఇళ్లల్లో కూడా ప్లాస్టర్ దగ్గర ఆగిపోయిన పనులు లెక్కలేనన్ని. అమ్మమ్మ కట్టిన పాటల నోట్‌బుక్కు, వదిన చదువు ఆపేశాక బీరువా మీద పెట్టిన వీణ, ట్రంకుపెట్టె అడుగున చుట్టి పెట్టిన చెల్లెలి బొమ్మలు. బాగున్నాయని మెచ్చుకోవడం మనకి తేలికే. పారిస్‌లో ఆ ఇన్‌స్పెక్టరు కూడా బాగుందనే మెచ్చుకున్నాడు. కంచు పోయించింది మాత్రం కెప్టెన్ తిసియే.